టీ నీళ్ళలో ముంచిన పెళ్ళి

రోట్లో మినప్పప్పు సగం నలిగేసరికి అత్తగారు వెంకటరత్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "పర్వాలేదు, అమెరికా పోయినా చెయ్యి మర్చిపోలేదు," అంది. ఆ ఇంట్లో మెచ్చుకోలంటే అంతే. షికాగో ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చేస్తున్న మాణిక్యమ్మ మూడేళ్ళ తర్వాత సెలవు మీద పటమట వచ్చిన మర్నాడే గారెలకి పప్పు రుబ్బుతోంది. ఆవిడ పంపిన డబ్బుతో మేడ లేచింది, ఫ్రిజ్ వచ్చింది, ఆయనగారికి స్కూటరొచ్చింది. రోలు మాత్రం ఆవిడ వస్తుందని అలాగే ఉంచారు.

అంతలో ఆయనగారే వచ్చాడు. రామకోటేశ్వరరావు పొలం కౌలుకిచ్చి పేపరు చదవడం వృత్తిగా పెట్టుకున్న మనిషి. నలభై తొమ్మిదేళ్ళ తలకి నిన్ననే రంగు వేయించుకున్నాడు. చెవుల మీద కూడా కాస్త అంటింది.

"ఫోటోవాణ్ణి రేపు పదింటికి రమ్మన్నాను. పట్టుచీర కట్టుకో, బాసికాలు వాడే తెస్తాడు. ప్రింటు తీశాక టీ నీళ్ళలో ముంచితే పదకొండేళ్ళ నాటి దానిలా ఉంటుందట."

మాణిక్యమ్మ పొత్రం ఆపి ఆయన చెవుల వంకే చూసింది.

సంగతేమిటంటే, ఆయన మొదటి భార్య కూతురు హైమవతికి వచ్చే శ్రావణంలో ఇరవై ఒకటి నిండుతుంది. ఆలోగా, పెళ్ళి కాకుండా ఉంటేనే, సవతి తల్లి వెనకాల అమెరికా వెళ్ళే వీలుంది. ఆ సవతి తల్లి పెళ్ళి కూడా పిల్లకి పద్దెనిమిది నిండకముందే జరిగినట్టు మద్రాసు కాన్సులేటు వాళ్ళకి రుజువు చూపించాలి. పెళ్ళి జరిగినప్పుడు హైమకి పదేళ్ళే. జరగడమైతే జరిగింది. రుజువే లేదు.

ఎందుకుంటుంది? కంకిపాడు దగ్గర గుళ్ళో, తెల్లవారకముందే, అరగంటలో కానిచ్చేశారు. శుభలేఖ వెయ్యలేదు, సన్నాయి పెట్టలేదు. మాణిక్యమ్మ తమ్ముడు ఎక్కడో అడిగి కెమెరా తెస్తే వెంకటరత్నమ్మ దాన్ని సంచీలోంచి బయటికే తియ్యనివ్వలేదు. "రెండోదానికి ఫోటోలు కూడానా!" అంది. భోజనాలెప్పుడని అడిగిన ఇరుగుపొరుగులకి మాణిక్యమ్మ వినేట్టుగానే చెప్పింది. "మావాడికి పెళ్ళి ఒక్కసారే అయిందమ్మా. ఇది పెళ్ళేమిటి, ఇంట్లోకి మనిషి కావాలి కదా."

మనిషి వచ్చింది. పొద్దున వంట చేసి, పగలంతా ఆసుపత్రిలో రోగుల్ని ఎత్తి దించి, సాయంత్రం వచ్చి మళ్ళీ వంట చేసింది. మెళ్ళో మంగళసూత్రంతో పాటు, చనిపోయినావిడ బొమ్మ చెక్కిన చిన్న బంగారు బిళ్ళ కూడా వేశారు. రెండో పెళ్ళివాళ్ళకి అది ఆచారం. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు పెట్టి దణ్ణం పెట్టుకోమంది అత్తగారు. "ఆ మహాతల్లి చోట్లో కూర్చున్నావు, మర్చిపోకు. వాడికి పెళ్ళామంటే అదే." ఆయన పేపరు వెనకనుంచి ఏనాడూ ఒక్క మాట అనలేదు. జీతం వచ్చిన రోజున మాత్రం పేపరు దించేవాడు. చనిపోయినావిడ మీద మాణిక్యమ్మకి ఏ కోపమూ లేదు. ఆవిడా ఈ పొత్రమే తిప్పి ఉంటుందని, త్వరగా బయటపడిందని అనుకునేది.

పిల్ల చేత అమ్మా అని పిలిపించనివ్వలేదు. నర్సమ్మా అనమన్నారు. సరేనని హైమ అలాగే పిలిచింది. పెద్దమనిషైన నాడు బెదిరిపోయి మూల కూర్చుని ఎవరినీ దగ్గరికి రానివ్వక, "నర్సమ్మా, నువ్వు రా," అంది. ఆ ఒక్క పిలుపు కోసమే మాణిక్యమ్మ అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండగలిగింది.

ఇప్పుడు హైమ బియ్యస్సీ ముగించింది. అమెరికా కుదరకపోతే ఏం చెయ్యాలో వెంకటరత్నమ్మ అప్పుడే తేల్చేసింది. హైమ మేనమామకి నిరుడు భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. "పాపం, వాడికీ ఇంట్లోకి మనిషి కావాలి కదా," అంది, కొత్త మాటేదో కనిపెట్టినట్టు. అది విన్నాకే మాణిక్యమ్మ సెలవు పెట్టి బయల్దేరింది.

"దొంగ ఫోటో వద్దండీ," అంది చేతులు కడుక్కుంటూ. "పట్టుకున్నారంటే పిల్లకి జన్మలో వీసా ఇవ్వరు. పెళ్ళి కళ్ళారా చూసిన పెద్దవాళ్ళు వకీలు ముందు ప్రమాణం చేసి రాసిస్తే చాలన్నారు."

"పంతులు పోయాడు. మీ వాళ్ళలో పెద్దవాళ్ళెవరూ లేరు, మీ తమ్ముడప్పటికి చిన్నపిల్లాడు. ఇంకెవరున్నారు చూసినవాళ్ళు?"

"అత్తయ్యగారున్నారుగా."

వెంకటరత్నమ్మ తోక తొక్కిన పాములా లేచింది. కోర్టులూ వకీళ్ళూ తన వంశంలో లేవంది, మోకాళ్ళ నొప్పులంది. కొడుకు మాత్రం ఊహల్లో రంగేసిన తలతో అమెరికాలో అప్పుడే దిగిపోయాడు. "ఆడపిల్ల ఒక్కతే ఎట్లా పోద్దమ్మా? దాంతో పాటు నేనూ పోవద్దా? నీ మాట మీదే ఉంది," అని బతిమాలి రిక్షా ఎక్కించాడు. వెనక రిక్షాలో మాణిక్యమ్మా హైమా బయల్దేరారు.

గవర్నర్‌పేటలో వకీలు ఆమోసు గారు పెద్దాయన, పద్ధతి గల మనిషి. ముసలావిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు. "ఈ మాణిక్యమ్మ గారు మీకేమవుతారండీ?"

"మా ఇంట్లో... ఉంటదండి."

"పనిమనిషా అండీ?"

గుమస్తా టైపు కొట్టడం ఆపి తలెత్తాడు. రామకోటేశ్వరరావు దగ్గాడు. వెంకటరత్నమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "కోడలండి," అంది.

"పెళ్ళి జరిగిందా అండీ?"

ఆవిడ తలూపింది.

"తలూపితే కాదమ్మా. ప్రమాణం మీద నోటితో చెప్పాలి."

"జరిగింది. నా ఎదురుగానే తాళి కట్టాడు. అది పెళ్ళేనండి, బాబూ, పెళ్ళే!"

మాణిక్యమ్మ కన్నీళ్ళు వస్తాయేమో అని భయపడింది గానీ రాలేదు. నవ్వొచ్చింది. ఈ ఒక్క ముక్క కోసమా పదకొండేళ్ళు ఈ మనుషుల మొహాలు చూసింది! బజార్లో అమ్మకానికి పెడితే ఎవరూ కొనని మాట. ముసలావిడ వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే పట్టుకు కూర్చుంది.

మెట్లు దిగుతూ రామకోటేశ్వరరావు హుషారుగా అన్నాడు. "హైమ కాగితాలైపోయినట్టే. ఇక నా కాగితాలకి డబ్బు ఎప్పుడు కడతావు?"

మాణిక్యమ్మ ఆగింది. మెళ్ళోంచి బంగారు బిళ్ళ విప్పి, కళ్ళకద్దుకుని, ఆయన అరచేతిలో పెట్టింది.

"కట్టనండీ. మీకు పెళ్ళామంటే ఈవిడేనని అత్తయ్యగారు చెబుతుంటే మీరెప్పుడూ కాదనలేదు. ఈవిణ్ణి వదిలేసి నా వెనకాల వస్తే బాగోదు. శుక్రవారం శుక్రవారం పసుపు పెట్టండి."

ఎదురుగా రిక్షాలోంచి హైమ చెయ్యి ఊపింది. "నర్సమ్మా, రా! ఎండెక్కుతోంది."

మాణిక్యమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ రిక్షాలో ఇద్దరికే చోటు.