డెబ్బై ఒకటి, పక్కన వాన

బూట్ల లేసులు రెండుసార్లు ముడి వేయాలి.

వాన డబ్బా మూత తీయాలి. లోపలి నీళ్ళు కొలవాలి, పారబోయాలి.

గాలి ఎటునుంచి వస్తోందో వెదురుకి కట్టిన గుడ్డ చూసి రాయాలి. గాలి లేకపోతే లేదని రాయాలి.

వేడి కొలిచే ఇనుప కడ్డీని నేలలోకి మూరెడు లోతు దించాలి. మూడు వందలు లెక్కపెట్టేదాకా తాకకూడదు.

ఆవిరి రంగు చూడాలి. వాసన చూడాలి, ఎక్కువసేపు కాదు.

కడ్డీ చూపిన అంకెను పుస్తకంలో ఎక్కించాలి. కొండ దిగి, ఊరి కూడలిలోని నల్లబల్ల మీద, దూరం నుంచి కనబడేంత పెద్దగా రాయాలి.

అంకె పడిపోయి ఉంటే, ముందురోజు వాన పడి ఉంటే, పక్కన ఒక్క మాట — వాన.

నాలుగేళ్ళుగా వినార్తి ఇందులో ఒక్క పనీ తప్పలేదు.

తడిసిన నేల మీద ఆవిరి పాకుతోంది. ఉడికిన మట్టి వాసన, ఆర్పేసిన అగ్గిపుల్ల వాసన. సిరవెన్ అగ్నిపర్వతం బిలం పక్కన ఆమె మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెడుతోంది. నూట పది... నూట పదకొండు...

కింద ఇంట్లో అమ్మ బియ్యప్పిండి రొట్టెలు కాలుస్తూ ఉంటుంది. సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి చాపల మీద కూర్చుని దువా చదువుతారు.

నాన్న పోయి ఈరోజుకి నలభై రోజులు.

*

నాన్న పేరు వాగిమన్. బంగాళాదుంపల రైతు.

పొలం గట్టు దాకా చెప్పులతో వచ్చేవాడు. గట్టు మీద రెండూ పక్కపక్కన విడిచి, వట్టి కాళ్ళతో మడిలోకి దిగేవాడు. నేలను చెప్పుల కాళ్ళతో తొక్కితే దానికి మనమెవరో తెలియదనేవాడు.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వినార్తి. కొండ మీది పరిశీలన కేంద్రంలో ఉద్యోగం వచ్చిన రోజున ఆమెకు బూట్లు కొనిచ్చింది ఆయనే. దుకాణంలోనే వంగి, లేసులు తానే కట్టాడు.

"రెండు ముళ్ళు వెయ్యి అమ్మడూ. వేడి నేల మీద తిరిగే పని. కాళ్ళు జాగ్రత్త."

ఆయన కాళ్ళు మాత్రం... ఎప్పుడూ వట్టివే.

*

ఊరికి దిగువన గుంట పొలం ఉంది. గిన్నెలా లోతుగా ఉంటుంది. మంచి మట్టి.

భూమి వదిలే బరువైన గాలి కొన్ని రాత్రుళ్ళు అక్కడికి జారి, నీళ్ళలా నిలుస్తుంది. పీలిస్తే ప్రాణం పోతుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. ఎండ పడితే కదిలి పోతుంది. అందుకే గుంట పొలంలోకి ఎండ దిగాకే మనుషులు దిగేవారు. తాతల నాటి అలవాటు.

తర్వాత నల్లబల్ల వచ్చింది.

అంకె ఎక్కువుంటే ఆ గాలీ ఎక్కువని ఆగేవారు. తక్కువుంటే ఎండ కోసం ఆగడం మానేశారు. వాన పడిన మర్నాడు పెందలాడే మందు కొట్టకపోతే దుంప ఆకుకు మచ్చ వస్తుంది. మూడు రోజుల్లో మడంతా నల్లబడుతుంది. ఎండ ఆలస్యంగా దిగే పొలంలో, తెల్లవారగానే చెప్పే అంకె ఎంత ఉపకారం!

అలా అనుకున్నారు.

వినార్తి కూడా అలాగే అనుకుంది.

*

ఆ వారం రోజూ సాయంత్రం వాన.

మొదటి పొద్దున ఎనభై నాలుగు నుంచి డెబ్బై తొమ్మిదికి పడింది. పక్కన వాన అని రాసింది.

రెండో పొద్దున డెబ్బై ఆరు. వాన.

వాన నీళ్ళు ఇంకితే పై నేల చల్లబడుతుంది, అంకె పడుతుంది, నాలుగు పొడి రోజులు పోతే మళ్ళీ లేస్తుంది. కేంద్రంలో పెద్దాయన సుబాగ్యో ఆమెకు నేర్పిన మొదటి పాఠం అది. "కంగారుపడకమ్మాయ్. వాన అని రాసి టీ తాగు." ముప్ఫై ఏళ్ళుగా ఆయన అలాగే రాశాడు. ఆయనకు నేర్పినవాళ్ళూ అలాగే రాశారు.

మూడో పొద్దున డెబ్బై ఒకటి.

కూడలిలో ఆమె సుద్దముక్క పట్టుకుని నిలబడేసరికి నాన్న అక్కడే ఉన్నాడు. వీపున మందు డబ్బా. చెవి మీద లవంగాల సిగరెట్టు. పక్కింటి తుమీరా అత్త చీపురు ఆపి చూస్తోంది.

"రెండ్రోజుల్నించీ నేల కాళ్ళకి వేరేగా ఉందే అమ్మడూ. చల్లదనం పైనించి కాదు... కిందనించి వస్తున్నట్టుంది."

"వాన పడితే చల్లబడదా నాన్నా?"

"పడుతుందిలే."

"కాళ్ళతో కొలిచేదైతే నన్నెందుకు చదివించావ్?"

ఆయన పెద్దగా నవ్వాడు. ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా.

"అదీ నిజమే. నా కాళ్ళు కాలేజీకి వెళ్ళలేదుగా!"

తుమీరా అత్త కూడా నవ్వింది. వినార్తి నవ్వుతూనే రాసింది. డెబ్బై ఒకటి. పక్కన వాన.

ఆయన ఆ అంకె వంక కాసేపు చూసి, డబ్బా సర్దుకుని, గుంట పొలం వైపు నడిచాడు.

గాలి లేదు. గాలి లేదని ఆమె పుస్తకంలో రాసింది కూడా.

*

ఏడు గంటలకు గుంటలోకి ఎండ దిగింది.

నాన్న దుంప సాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. తల కొంచెం ముందుకు వాలి, అలసి ఆగినట్టు. సిగరెట్టు చెవి మీదే ఉంది. పక్కన నేల మీద రెండు పిచ్చుకలు, రెక్కలు ముడుచుకుని.

గట్టు మీద చెప్పులు. పక్కపక్కన.

పట్నం నుంచి పెద్ద అధికారులు వచ్చారు. కొలిచారు. బిలం గొంతు లోపల మూసుకుపోతూ ఉండాలి, అందుకే పైన వేడి తగ్గి ఉండాలి, ఆగిన గాలి పక్క దారి వెతుక్కుని గుంటలో తేలి ఉండాలి అన్నారు. ఉండాలి... ఉండాలి... ఎవరూ ఉందని అనలేదు.

ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు.

ఆ సాయంత్రం ఆమె పుస్తకం తెరిచింది. మూడో రోజు వరుసలో, వాన డబ్బా గడిలో, తన చేతిరాతే — రెండు మిల్లీమీటర్లు.

రెండు. పిల్లి కాలు తడిసేంత వాన.

రెండు మిల్లీమీటర్ల వాన ఐదు డిగ్రీలు చల్లబరచదు. రెండు అంకెలూ ఆమే రాసింది. పక్కపక్కన. ఆ చెప్పుల్లా పక్కపక్కన. కానీ కలిపి చదవలేదు.

"అంతకు ముందు రోజుల నీళ్ళు లోపల మిగిలుండొచ్చమ్మాయ్," అన్నాడు సుబాగ్యో. "నేనైనా వాన అనే రాసేవాణ్ణి."

ఓదార్పుకే అన్నాడు. ఆమెకు అది ఇంకా బరువైంది.

ఏడో రోజు దువాకి వచ్చినప్పుడు తుమీరా అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ నాన్న ఆ బల్ల ముందు రోజూ ఆగేవాడు తల్లీ. చదవడం రాదు కదా, నన్నడిగి అంకె తెలుసుకునేవాడు. 'మా అమ్మాయి రాత చూడు, ఎంత నిటారుగా ఉందో' అనేవాడు."

ఆ మాట నుంచి వినార్తి ఇప్పటికీ బయటపడలేదు.

నాన్న కాళ్ళు ఒకటి చెప్పాయి. కూతురి రాత ఒకటి చెప్పింది. ఆయన కూతురి రాతను నమ్మాడు.

*

రెండు వందల తొంభై తొమ్మిది... మూడు వందలు.

కడ్డీ తీసింది. నిన్న ఎనభై. ఈరోజు డెబ్బై నాలుగు.

వాన డబ్బాలో పదకొండు మిల్లీమీటర్లు.

పదకొండు చాలా? చాలదా?

వెదురు గుడ్డ కదలడం లేదు.

ఆమె కూర్చుని బూట్ల ముడులు విప్పింది. ఒకటి... రెండు. వట్టి కాళ్ళు తడి నేల మీద పెట్టింది. చల్లగా ఉంది. పైనుంచా, కిందనుంచా? కళ్ళు మూసుకుంది. కాళ్ళు ఏమీ చెప్పలేదు. నాన్న బతికుండగా ఒక్కరోజైనా పక్కన నిలబడి అడగలేదు, ఎలా తెలుస్తుంది నాన్నా, అని.

కొండ దిగేసరికి కూడలిలో పది మంది ఉన్నారు, మందు డబ్బాలతో. ఆమె డెబ్బై నాలుగు అని రాసింది. పక్కన ఏమీ రాయలేదు. కింద రాసింది — ఎండ దిగేదాకా గుంట పొలంలోకి ఎవరూ దిగవద్దు.

"వాన పడ్డందుకేగా తగ్గింది?" అన్నాడొకడు. "రోజూ ఇలాగైతే ఆకంతా పోదా? చదువుకున్నదానివి, సరిగ్గా చెప్పు."

"తెలియదు," అంది వినార్తి.

నాలుగేళ్ళలో ఆమె ఆ మాట అనడం ఇదే మొదలు.

గొణిగారు. తుమీరా అత్త చీపురు గోడకానించి, గుంట పొలం దారికి అడ్డంగా చాప పరుచుకుని కూర్చుంది. ఇద్దరు డబ్బాలు దించారు. మిగతావాళ్ళు నిలబడే ఉన్నారు... దింపకుండా.

ఎండ ఇంకా పై కొండ మీదే ఉంది.

తడిసిన నేల మీద ఆవిరి పాకుతోంది. ఉడికిన మట్టి వాసన.

మీరెప్పుడైనా వాన వెలిసిన పొద్దున నేల మీద వట్టి కాళ్ళతో నిలబడితే, ఆ చల్లదనం ఎటునుంచి వస్తోందో తెలియకపోయినా సరే, వాగిమన్ అనే ఒక దుంపల రైతును ఒక్కసారి తలుచుకోండి.