కమ్మీకి గుచ్చిన కాగితం

“మైకు పెట్టి చెప్పమంటావా అప్పా, నా బిడ్డ సీటు పోగొట్టింది నువ్వేనని?”

నాగులమ్మ నా కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. జ్యూస్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. మామిడి సొన తగిలి వేళ్లు నల్లబడి ఉన్నాయి. గోడ గడియారంలో నాలుగూ పది. ఐరాలలో నా నెట్ సెంటరు ముందు రేషన్ కార్డుల కోసం నిలబడ్డ ఐదారుగురు, వచ్చిన పని మరిచిపోయి మమ్మల్నే చూస్తున్నారు.

ఆమె వెనక కూతురు ధరణి. ఫోను నా వైపు చాపింది కానీ తల ఎత్తలేదు.

మెయిల్ చదివాను. తిరుపతిలోని ఒక పరిశోధన సంస్థ నుంచి. ధరణికి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే సీటు వచ్చింది. చేరతానని ఈ సాయంత్రం ఐదు లోపల జవాబివ్వాలి. కింద ఇంకో రెండు వాక్యాలు. ‘ఆర్థిక సహాయం అవసరం లేదని మీరు దరఖాస్తులో తెలిపారు. అందువల్ల ఫెలోషిప్ జాబితాలో మీ పేరు లేదు.’

ఫెలోషిప్ లేకుంటే ఆ సీటు వచ్చినా రానట్టే. నాగులమ్మ కూలి హాస్టలుకు కూడా చాలదు.

“దరఖాస్తు కొట్టింది నువ్వే గదా ఆదిమూలం?”

“నేనే అక్కా.”

“మాకు ఎక్కువై వద్దన్నామా?”

“కోట్లుండాయేమోలే, మాకు తెలీకుండా దాచిపెట్టినావు,” అన్నాడు వరసలోంచి పెంచలయ్య. అందరూ నవ్వారు.

నా చెవులు వేడెక్కాయి. నాలుగేళ్ల కిందట ఒకతని పుట్టిన సంవత్సరం తప్పు కొట్టాను. అతనికి హోంగార్డు ఉద్యోగం పోయింది. ఇప్పటికీ అతను సంతలో కనబడితే నేను పక్క సందులోకి తిరుగుతాను. మళ్లీ అదే చేశానా?

“పొద్దున ఆ ఆఫీసుకు ఫోన్ చేసినా అన్నా,” అంది ధరణి నేలవైపు చూస్తూ. “సెంటరువాళ్ల పొరపాటయితే వాళ్ల చేత రాయించుకోని, జవాబుతో పాటు పంపమన్నారు. అప్పుడు సూస్తారంట.”

“రాసిస్తా పాపా. ముందు ఆ కాగితం తీయనీ.”

“ఏ కాగితం?”

మొదటిసారి తల పైకెత్తింది.

హోంగార్డు సంగతి తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి అది. ఏ దరఖాస్తయినా పంపేముందు ప్రింటు తీసి, ఎర్ర పెన్ను చేతికిస్తాను. తప్పులుంటే దిద్ది, కింద సంతకం చేయాలి. ఆ కాగితాన్ని ఇనప కమ్మీకి గుచ్చి పెడతాను.

“అవి ఇంకా పెట్టుకోనుండావా? ఇప్పుడెందుకన్నా, టైం లేదు.”

“ఉండాది. ఇంకా ముప్పావుగంట.”

కమ్మీ నుంచి ఒక్కొక్కటే లాగాను. జూన్. మే. ఏప్రిల్. దొరికింది.

నేను కొట్టింది సరిగ్గానే ఉంది. తల్లి వృత్తి: కూలి. ఆర్థిక సహాయం: అవసరం. రెండింటి మీదా ఎర్రగీత. మొదటిదాని పక్కన ‘వ్యాపారం’. రెండోదాని పక్కన ‘వద్దు’. కింద గుండ్రటి సంతకం.

ఆ రోజు గుర్తొచ్చింది. పక్క కుర్చీలో ధరణి క్లాస్‌మేట్ మహిత కూర్చుంది. తోటలూ మండీ ఉన్నవాళ్ల అమ్మాయి. ధరణి కాగితానికి చేయి అడ్డం పెట్టుకొని దిద్దింది. దిద్దినట్టే నేను పంపాను.

“ఏముండాది అందులో?” నాగులమ్మ కాగితం లాక్కొని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు. “ఎర్రగా గీసుండాదే, ఏమిది?”

ధరణి నా కళ్లలోకి చూసింది.

“తప్పు నాదే అక్కా,” అన్నాను.

నాలుగు వరసల ఉత్తరం కొట్టి, ప్రింటు తీసి, సంతకం చేశాను. నాలుగూ నలభై.

నాగులమ్మ వరస వైపు తిరిగింది. “సూసినారు గదా. ఈయప్ప కాడ ఏ పనీ చేయించుకోవాకండి.”

ఇద్దరు తమ కాగితాలు వెనక్కి తీసుకున్నారు. పెంచలయ్య ఈసారి నవ్వలేదు. నేను తల దించుకొని కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను.

“నా బిడ్డ అట్లా రాస్తాదా?” నాగులమ్మ గొంతు తగ్గింది. “నేను కాయలు కోసి సదివిస్తాండానని నలుగురికీ చెప్పుకునే పిల్ల.”

ధరణి ఉత్తరం తీసుకుంది. నాలుగు ముక్కలు చేసింది.

“ఏం మే, పిచ్చి పట్టిందా?”

“జవాబు నేను చెప్తా. నువ్వు కొట్టన్నా.”

ఆమె తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొట్టసాగాను.

“సీటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. చేరాలనుండాది. ఫెలోషిప్ లేకుంటే చేరలేను. ఇప్పుడైనా నా పేరు జాబితాలో పెట్టేదానికి వీలుందా? ఏమేం కాగితాలు పంపాలో చెప్పండి.”

ఆగింది. నాలుగూ యాభై ఒకటి.

“మా అమ్మ మామిడికాయల ఫ్యాక్టరీలో కూలి.”

“రాయి, అది నిజమే గదా,” అంది నాగులమ్మ.

“దాన్ని కొట్టేసి వ్యాపారమని రాసింది, సాయం వద్దని రాసింది సెంటరాయన కాదు.”

నాగులమ్మ చేతులు కౌంటరు మీద నుంచి జారాయి.

“మల్ల ఎవురు?”

ధరణి ఆ నల్లబడ్డ వేళ్లనే చూస్తోంది.

“నేనేమ్మా,” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “ధరణి అని కొట్టన్నా.”