రెండో వరుసలో రాసినవి

గొప్పలు చెప్పుకోవడంలో నన్ను మించినవాడు ఏలూరులో లేడు. 2004లో ‘కావలి’ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, అంటే ఎవరి వెబ్‌సైటులోనైనా కలుపుకోగల ప్రోగ్రాము, రాసి నెట్‌లో ఉచితంగా పెట్టాను. వెబ్‌సైటులో జనం టైపు చేసినదాన్ని సర్వర్ కమాండ్ అనుకోకుండా ఆపడమే దాని పని. పరాయి దేశాలవాళ్ళు కూడా వాడుతున్నారని చర్చిలో నిలబడి, దేవుడు చేసిన మేలంటూ సాక్ష్యం చెప్పాను. మా చర్చి వెబ్‌సైటులో ప్రార్థన విన్నపాలు పాస్టరుగారికి మెయిల్లో చేరేది ఆ కావలి దాటుకునే.

మావాళ్ళ విన్నపాలు టైపు చేసిపెట్టేది నెట్ సెంటర్‌లో పనిచేసే అర్షియా. ఒకరోజు మా ఆఫీసుకి వచ్చింది.

“ఆనంద్ పాల్‌గారూ, ఎంటర్ కొడితే మీ కావలి పట్టుకోవట్లేదండి. రెండో వరుసలో ఉన్నదాన్ని సర్వర్ కమాండ్ అనుకుంటోంది. ఫైళ్ళు చెరిపెయ్యమని రాస్తే చెరిపేస్తదండి.”

“టైపు చేసేవాళ్ళకి ఇవన్నీ ఎందుకమ్మా?” అన్నాను. పైగా నవ్వాను.

రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. “నా దగ్గర విన్నపాలు రాయించే గుండుగొలను సలోమిగారు చర్చికి వస్తున్నారా అండీ? ఒక్కసారి సర్వర్ చూడండి, మీకు పుణ్యముంటుంది.”

సర్వర్ తప్పులు రాసుకునే చిట్టా తెరిచి చూశాను. ‘మా’ అనే కమాండ్ లేదు, ‘నా’ అనే కమాండ్ లేదు, ‘దయచేసి’ అనే కమాండ్ లేదు. వందల కొద్దీ ఎర్రర్లు. మావాళ్ళు మొదటి వరుసలో దేవునికి స్తోత్రం రాస్తారు. అడగవలసింది రెండో వరుస నుంచి అడుగుతారు. పాస్టరుగారికి చేరినవి స్తోత్రాలే. జనంలో కృతజ్ఞత పెరిగిందని ఆయన మురిసిపోతూ ప్రసంగించారు కూడా.

తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే కావలిని సరిచేసి, తప్పు పట్టుకున్నది అర్షియా అనీ, రెండు నెలలు పెడచెవిన పెట్టింది నేననీ నెట్‌లో రాశాను. మర్నాడు గుండుగొలను వెళ్ళాను.

సలోమిగారు కుర్చీ వేశారు. భర్త నిత్యానందంగారు కడుపుకి కట్టుతో మంచం మీద ఉన్నారు.

“ఆయన ఆపరేషన్ కోసం మూడు వారాలు రాయించానండి. పాస్టరుగారు ఒక్కసారీ చర్చిలో చదవలేదు. మావల్ల ఏం తప్పు జరిగిందోనని సిగ్గేసి రావడం మానేశామండి.”

నా సిగ్గు ఇన్నాళ్ళూ ఆవిడ మోసింది. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

“మరి మిగతావాళ్ళకి ఎవరు చెప్తారండీ?” అని అడిగారు.

ఆదివారం, సాక్ష్యం చెప్పిన చోటే నిలబడ్డాను. వెనక బల్ల మీద సలోమిగారు కనిపించారు. దేవునికి స్తోత్రం అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఇక రెండో వరుస. “మీ విన్నపాలు పాస్టరుగారికి చేరకపోవడానికి కారణం నా కావలే,” అన్నాను.