ఇందుతో జతపరిచిన కథ నాదే

నేను ఒక హామీపత్రాన్ని. కొత్త రచయితలు కథకు గుచ్చి పంపే ఒంటి కాగితాన్ని. "ఇందుతో జతపరిచిన కథ నా సొంత రచన. అనువాదం కాదు, అనుకరణ కాదు. ఇంతవరకు ఎక్కడా అచ్చు కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు" అని నా మీద రాసి సంతకం పెడితే తప్ప సంపాదకులు కథను గడప తొక్కనివ్వరు. పెళ్ళికొడుకుని కూడా ఇన్ని నిలదీయరు. రచయిత మాత్రం నోరెత్తకుండా సంతకం పెడతాడు.

నా మీద సంతకం పెట్టింది ఝాన్సీ. చీరాలలో షహనాజ్ ఆపా కుట్టు షాపులో చీరలకు ఫాల్స్ కుట్టే పిల్ల. పదో తరగతితో చదువు ఆగింది. ఎక్కడో పేపర్లో 'కొత్త చిగుళ్ళు' అనే కథాసంకలనం ప్రకటన చూసింది. కొత్తవాళ్ళకే అవకాశం, కథ అరపేజీ దాటకూడదు, కథ మీద రచయిత పేరు ఉండకూడదు, పేరు, ఊరు హామీపత్రం మీదే రాయాలి. అలా అయితే పక్షపాతానికి తావుండదని సంకలనకర్త గారి ఆలోచన.

ఝాన్సీ కథ పేరు 'మడత'. ప్రతి జూన్‌లో ఒక తల్లి కూతురి స్కూలు లంగా మడత విప్పి, కాస్త పొడవు పెంచి కుడుతుంది. ఒక ఏడు విప్పడానికి మడత మిగలదు. తల్లి లంగా పట్టుకుని కూర్చుంటే, "నాకు చదువంటే ఇష్టం లేదులేమ్మా" అంటుంది కూతురు. అంతే కథ. అది ఝాన్సీకి జరిగిందే. ఆ అబద్ధం ఆడింది తనే. ఆ మాట తల్లికి ఇప్పటికీ చెప్పలేదు. అచ్చయ్యాక పుస్తకం తల్లి చేతిలో పెట్టి, కింద తన పేరు చూపించాలని ఆశ. నోటితో చెప్పలేనిది అలా చెప్పేద్దామనుకుంది.

నన్ను తప్పుల్లేకుండా రాయడానికి మూడు కాగితాలు పాడుచేసింది.

"ఏందే ఇది? కథేమో జానెడు, దాని పూచీకత్తు మూరెడా!" అని నవ్వింది షహనాజ్ ఆపా.

"రూల్ అంట ఆపా. ఇది లేకపోతే కథ చూడనే చూడరంట" అంది ఝాన్సీ. గుండుసూది లేక, సూదీదారం తీసుకుని మమ్మల్నిద్దర్నీ మూలన రెండు కుట్లు వేసి కలిపింది.

విజయవాడలో సంకలనకర్త విశ్వపతి గారింట్లో మా కట్ట విప్పారు. పెద్దమనిషే, కాదనను. కథలను పేర్లు లేకుండా న్యాయనిర్ణేతకు పంపాలి కాబట్టి, ప్రతి కథనూ దాని హామీపత్రం నుంచి విడదీసి, రెండింటి మీదా ఒకే అంకె వేస్తున్నారు. మా వంతు వచ్చింది. కుట్లు తెగకపోతే విసుక్కుంటూ కత్తెర తెచ్చి కత్తిరించారు. అదే ఊపులో మా కిందనున్న కథనూ విడదీశారు. ఇంతలో ఫోను మోగింది. ఏదో సన్మానం కబురు. అరగంట మాట్లాడి ముఖం వెలిగిపోతూ వచ్చి కూర్చుని, 'మడత' మీద పదిహేడు వేశారు. నా మీద పడాల్సిన పదిహేడు కిందికథ హామీపత్రం మీద వేసి, నా మీద పద్దెనిమిది వేశారు. నా కళ్ళముందే జరిగింది. నాకు రాత ఉంది గానీ నోరు లేదు.

పుస్తకం వచ్చింది. 'మడత' ఉత్తమ కథ అయింది. దాని కింద పదిహేడో హామీపత్రం మీదున్న నెల్లూరు మధుకర్ పేరు. అతను విజయవాడ వచ్చి, శాలువా కప్పించుకుని, "కన్నీళ్ళతో రాశానండీ" అన్నాడట. విశ్వపతి గారు ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయారు. ఝాన్సీ పేరు కింద ఉన్నది 'చిలుక చెప్పిన నీతి'. చిలుక ఒకటి మొక్కలు నాటమని పిల్లలకు ఉపన్యాసం ఇస్తుంది.

వారం తిరక్కుండా ఝాన్సీ వచ్చింది, తోడు షహనాజ్ ఆపా.

"అయ్యా, ఆ చిలక కత నాది కాదండీ. 'మడత' నాది" అంది ఝాన్సీ.

విశ్వపతి గారు మధుకర్‌కు ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టారు.

"ఆ కత నాదని నేనేడా చెప్పలేదు సార్, మీరే గదా ఇచ్చినారు" అన్నాడు మధుకర్.

"కాదని చెప్పావా మరి?" అని ఆపా అందుకుంది.

అటువైపు ఫోను పెట్టేశాడు.

విశ్వపతి గారికి విషయం అర్థమైంది. అర్థమైందని నాకు తెలుసు, ఫైలులోంచి తీసి నన్ను పట్టుకున్న చేతికి చెమట పట్టింది. కానీ శాలువా కప్పిన ఫోటోలు పేపర్లలో వచ్చేశాయి. ఆయన నిష్పక్షపాతానికి సన్మానం వచ్చే ఆదివారమే.

"ఇదిగోనమ్మా, సంతకం నీదేనా?" అన్నారు నన్ను చూపించి.

"నాదేనండీ."

"ఏం రాశావు? ఇందుతో జతపరిచిన కథ నాదే అని. ఏ కథ జతపరిచి ఉందో చూసుకో." పద్దెనిమిదో అంకె కింద 'చిలుక చెప్పిన నీతి'ని నా పక్కన పెట్టారు.

అప్పుడు తెలిసింది నా బతుకేమిటో. కథ పేరు రాసే చోటు నా మీద లేదు. ఆయన ప్రకటనలో ఇచ్చిన నమూనాలోనే లేదు. ఏ కథ పక్కన పెడితే ఆ కథకు సాక్ష్యం చెప్పే కాగితాన్ని నేను. నా అంత నమ్మకస్తుడైన దొంగసాక్షి ఇంకొకడు ఉండడు.

ఝాన్సీ నా మూలన చూసింది. తెగిన దారం పోగు ఇంకా వేలాడుతోంది. "కుట్టిందాన్ని కత్తిరించారండీ" అని మాత్రం అంది.

"రెండో ముద్రణలో సవరిద్దాంలే" అన్నారు విశ్వపతి గారు. అరపేజీ కథలకు రెండో ముద్రణ ఉండదని ఆయనకు తెలుసు. ఝాన్సీకి తెలియదు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఏడాది తరువాత ఆయన ఫైలులో నా మీదికి కొత్త కాగితాలు వచ్చి పడ్డాయి. ఝాన్సీ ఎదురుచూసి, ఎదురుచూసి, 'మడత'ను ఒక వారపత్రికకు పంపింది. ఆ సంపాదకుడు దాన్ని విశ్వపతి గారికి పంపుతూ పైన ఇలా రాశాడు: "మీ సంకలనంలోని ఉత్తమ కథను ఈ అమ్మాయి అక్షరం మార్చకుండా కాపీ కొట్టింది. ఇకమీదట ఈమె రచనలు మేము తీసుకోవడం లేదు. మీరూ జాగ్రత్త." విశ్వపతి గారు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, జవాబు రాయకుండా ఫైలు మూశారు.

చీకట్లో ఆమె కొత్త హామీపత్రం నా మీద పడుకుని ఉంది. ఈసారి ఝాన్సీ కథ పేరు కూడా రాసింది. దాని కింద, ఎవరూ అడగకపోయినా, ఇంకో వాక్యం చేర్చింది: "ఇది మా అమ్మకు నేను చెప్పిన అబద్ధం. కావాలంటే అమ్మను అడగండి."

ఎవరూ అడగలేదు.