పుస్తకాలు ఎనిమిది, పాఠం ఒక్కటే

కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు మొదటి ఏడాదే ఉన్నత పాఠశాలలోని సబ్జెక్టులన్నింటినీ ఒక్క తాటి మీదికి తెచ్చింది. పాఠానికి ముందు ప్రతి టీచరూ బోర్డు పైభాగాన లక్ష్యం రాయాలి. ఏ గదిలోనైనా అది ఒకటే కావాలి. ‘చెప్పిన పనిని చెప్పినట్టే చేయగలగడం.’ చరిత్రలో ఎప్పుడు అన్నది మిగిలింది, ఎందుకు అన్నది జారిపోయింది. లెక్కల్లో మరో దారిన వచ్చిన సరైన జవాబుకు సున్నా వేశారు. పద్యానికి భావం ముందే చెప్పేసేవారు; పిల్లలకు కంఠస్థం చేయడమే మిగిలేది.

“మన పని తేలికైంది టీచరమ్మా,” అన్నాడు లెక్కల మాస్టారు స్టాఫురూములో టీ ఊదుకుంటూ. “పుస్తకాలు ఎనిమిది, పాఠం ఒక్కటే.”

అందరితో పాటు సైన్సు టీచరూ నవ్వింది. మార్కులు పెరిగాయి, అల్లరి తగ్గింది, తల్లిదండ్రులు మురిసిపోయారు. వరండాల్లో అడుగుల చప్పుడు తప్ప మాట వినిపించేది కాదు.

సైన్సు టీచరును తొలిచింది ఇంట్లోని నిశ్శబ్దం. అక్క పోయాక తన చేతుల్లోనే పెరిగిన అక్క కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి, తన క్లాసులోనే. నీడకు ఆకలి వేయదా, వాన పక్కనుంచి ఎందుకు పడదు అంటూ ఒకప్పుడు ప్రాణం తోడేసేది. ఇంటిల్లిపాదీ దాన్ని ‘ప్రశ్నపత్రం’ అని ఏడిపించేవారు. ఇప్పుడు పెట్టింది తింటుంది, అడిగినదానికి బదులిస్తుంది, అంతే. పిల్ల ఎదిగిందా, లోపల ఏదైనా ఆరిపోయిందా? తేల్చుకోకుండా ఆమెకు నిద్ర పట్టేలా లేదు.

నీళ్లలోకే ఆమ్లం పోయాలనీ, ఆమ్లంలోకి నీళ్లు పోస్తే మరిగి మొహం మీదికి చిమ్ముతుందనీ కిందటి వారమే చెప్పింది, ముంజేతి మీది పాత మచ్చ చూపించి మరీ. ఈ శుక్రవారం క్లాసుకు ముందు ఆమ్లం సీసాలు తీసి దాచి, అలాంటివే ఖాళీ సీసాలు కడిగి, ఉత్త నీళ్లు నింపి, అవే చీటీలు అంటించింది.

“గాఢ ఆమ్లాన్ని బీకరులోకి తీసుకోండి,” అంది. “ఇప్పుడు దాంట్లో నీళ్లు పోయండి. ఒక్కసారిగా.”

ఒక్క చెయ్యి లేస్తుందేమోనని చూసింది. ఒకడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఒకమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. చేతులు మాత్రం ఆగలేదు. అందరికన్నా ముందు పోసింది అక్క కూతురే.

అవి నీళ్లేనని చెప్పి పిల్లల్ని పంపేశాక ఆమె బీకర్లు ఒక్కొక్కటిగా సింకులో ఒంపేసింది.

సాయంత్రం వంటింట్లో ఇద్దరూ చిక్కుళ్లు తుంచుతున్నప్పుడు అడిగింది. సీసాల్లో ఉన్నవి నీళ్లని పిల్లకు ముందు తెలియదట. అలా పోయకూడదని మాత్రం తెలుసట.

“మరి ఎందుకు పోశావే?”

“నువ్వే పొయ్యమన్నావుగా పిన్నీ.”

“కళ్లు పోయేవి.”

“పోయేవి,” అని పిల్ల ఒప్పుకుంది. “అయినా తప్పు నాది కాదుగా.”

పిల్ల అదే గొంతుతో, లక్ష్యం దాటి పాఠం చెప్పిన టీచర్లెవరో పెద్ద టీచరు గారు ప్రతి శనివారం తమను అడుగుతారని చెప్పింది.

“రేపు అడిగితే ఇవాళ్టి సంగతి చెప్పనా?”

ఆ అడగడంలో కక్ష లేదు, బెదిరింపు లేదు. చెబితే తన ఉద్యోగం పోతుంది. వద్దంటే చాలు, గుచ్చి గుచ్చి అడిగినా ఆ పిల్ల నోరు విప్పదు. అంత చక్కగా తయారైంది. ‘వద్దు’ అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే తానూ ఇంట్లో అదే బోర్డు వేలాడదీసినట్టేనని తట్టి, దాన్ని మింగేసింది.

“నువ్వేమనుకుంటున్నావే? చెప్పాలా, వద్దా?”

పిల్ల వేళ్లు ఆగిపోయాయి. పిన్ని మొహంలోకి చూసింది, గోడకేసి చూసింది, మళ్లీ మొహంలోకి చూసింది. నుదుటి మీద చెమట పోసింది.

“పిన్నీ,” అంది చివరికి, బతిమాలుతున్నట్టు. “ఏదో ఒకటి నువ్వే చెప్పెయ్యవూ.”

ఆమె స్టవ్ ఆపేసి వచ్చి, పిల్లే తేల్చుకునేదాకా లేవనన్నట్టు ఎదురుగా కూర్చుంది.