పాండురంగారావు గారి మబ్బు

పొద్దున్నే ఎనిమిదిన్నరకి పాండురంగారావు ఇంటికి తాళం వేసి, స్కూటరు బయటికి తీసి, బస్టాండు వెనక ఉన్న తన ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టుకి బయల్దేరేవాడు. ఆయనతో పాటే నెత్తి మీద మబ్బు కూడా బయల్దేరేది. రెండు లారీల వెడల్పుండే బూడిదరంగు మబ్బు. కురిసిందీ లేదు, ఉరిమిందీ లేదు. పెళ్ళి సంబంధాలు రావడం ఆగిపోయిన ఏడాది వచ్చింది, మళ్ళీ పోలేదు. అప్పుడాయనకి నలభై రెండు. ఇప్పుడు యాభై ఆరు.

నూజివీడులో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. వడియాలు పెట్టుకునే ఆడవాళ్ళు మాత్రం "అన్నయ్యగారూ, కాస్త పక్క వీధి నుంచి వెళ్ళండి" అనేవారు. ఎండాకాలంలో ఆయన కిళ్ళీకొట్టు దగ్గర ఆగితే చాలు, నలుగురు చేరేవారు. నీడ కోసం వచ్చినా, వచ్చాక రెండు మాటలు మాట్లాడేవారు. రోజు మొత్తంలో ఆయనకి దక్కే మాటలు అవే.

తర్వాత సోలార్ సబ్సిడీ వచ్చింది. డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించుకుంటే ప్రభుత్వమే డెబ్భై ఎనిమిది వేలు ఇస్తుందన్నారు. ఆరు నెలల్లో బజారు మారిపోయింది. మామిడి వ్యాపారుల కొడుకులు సోలార్ ఏజెన్సీలు తెరిచారు. సబ్సిడీ వస్తుందిగా అని కొందరు రేటు పెంచేశారు, అయినా జనం ఆగలేదు. డాబా మీద నీడ పడుతోందని పెరట్లో వేపచెట్లు కొట్టించారు. కరెంటు బిల్లు సున్నా రావడమే గొప్ప అయ్యాక, ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఖర్చుపెట్టే మనసు ఎవరికీ లేకపోయింది. ఊళ్ళో నీడకి కూడా విలువ పోయింది.

ఓ రోజు పక్కింటి నారాయణరావు గోడ మీదుగా ఫోను చూపించాడు.

"ఏమీ అనుకోకండి పాండురంగారావు గారూ. ఇదిగో, మా ప్యానెళ్ళ గ్రాఫు. ఒంటిగంట పదికి చూడండి, గోతిలో పడ్డట్టు పడిపోయింది."

"అది నేను భోజనానికొచ్చే టైమండీ."

"నేను చెప్పేదీ అదేనండీ" అన్నాడు నారాయణరావు, నొచ్చుకుంటూనే.

మర్నాటి నుంచి పాండురంగారావు క్యారేజీ కట్టుకుని కొట్లోనే తిన్నాడు. నెల తిరక్కముందే కొట్టున్న బిల్డింగు మీదా ప్యానెళ్ళు లేచాయి. ఓనరు మధ్యాహ్నం పూట వచ్చి పైకోసారి, ఈయన వైపోసారి చూసి వెళ్ళేవాడు. కిళ్ళీకొట్టతను స్కూటరు ఆగకముందే ఏం కావాలని అడిగి, చేతిలో పెట్టి పంపేసేవాడు. తను ఎక్కడ ఆగినా ఎవరికో ఒకరికి యూనిట్లు తగ్గుతున్నాయని ఆయనకి అర్థమైంది. ఆగకుండా తిరిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అందుకని ఎండెక్కగానే కొట్టు మూసి, ఆగిరిపల్లి రోడ్డు పట్టుకుని తోటల మధ్య ఊరికే తిరిగేవాడు. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదన్న సంగతి, ఓ సాయంత్రం పాలపాకెట్టు అడగబోతే గొంతు పెగలనప్పుడు తెలిసింది.

మే నెల మొదట్లో ఓ మిట్టమధ్యాహ్నం, వీరభద్రరావు అనే వ్యాపారి మామిడి యార్డు ముందు స్కూటరు మొరాయించింది. షెడ్డు మీద కొత్త ప్యానెళ్ళు. వాటి కోసం నరికిన నేరేడు చెట్టు మొద్దు పక్కన, నెత్తిన తడిగుడ్డలు వేసుకుని పదిమంది ఆడకూలీలు బంగినపల్లి కాయలు ఏరుతున్నారు. సొన కారినవి ఓ పక్కకి, మంచివి క్రేట్లలోకి. మబ్బు నీడ వాళ్ళ మీద పడగానే అందరూ తలెత్తారు.

ఆయన కంగారుగా కిక్కు కొట్టసాగాడు. "వెళ్ళిపోతున్నానమ్మా. బండి స్టార్ట్ అవట్లేదు."

"ఎక్కడికండీ?" షాలోమి అనే ఆమె లేచి వచ్చింది. "నిన్న మా తోటికోడలు ఎండకి పడిపోయింది. కాసేపు ఉండండి."

"షెడ్డు మీద ప్యానెళ్ళున్నాయి. వీరభద్రరావు గారు ఊరుకోరు."

ఆమె మబ్బుని చూసింది, షెడ్డుని చూసింది. "ఓ నాలుగడుగులు ఇటు జరగండి. దాని మీద పడదు."

జరిగాడు. నిజంగానే పడలేదు.

క్రేటు బోర్లించి కూర్చోబెట్టారు. మజ్జిగ ఇచ్చారు. ఊరికే కూర్చోలేక ఆయనా కాయలు ఏరబోయి, మచ్చకాయ ఒకటి మంచివాటిలో వేశాడు. షాలోమి నవ్వి తీసేసింది. సాయంత్రం బండి నెట్టుకుంటూ వెళ్తుంటే "రేపు ఎన్నింటికొస్తారు?" అని వెనక నుంచి కేకేసింది.

ఎనిమిదింటికే వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. కాయ వేడెక్కట్లేదని వీరభద్రరావు కూడా కాదనలేదు.

నెలాఖరుకి పాండురంగారావు కొట్టు ఖాళీ చేసి, ఆగిరిపల్లి చివర, షాలోమి వాళ్ళ వీధిలో గది అద్దెకి తీసుకున్నాడు. అన్నీ రేకుల ఇళ్ళే. ప్రభుత్వం ఎంతిచ్చినా బిగించుకోవడానికి సొంత డాబా ఉండాలి కదా, ఆ వీధిలో ఒక్క ప్యానెలూ లేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, రేకుల కింద ఉడుకు భరించలేక ఆడవాళ్ళు మంచాలు వీధిలోకి ఈడ్చుకుని మబ్బు కింద నడుం వాల్చారు. వారం మొత్తం కాయలు మోసిన ఒళ్ళు, ఇట్టే నిద్రపట్టేసింది. పాండురంగారావు తన గది మెట్టు మీద కూర్చున్నాడు. కాలు తిమ్మిరెక్కింది. దాహమేసింది, కుండేమో లోపల ఉంది. లేస్తే నీడ కదులుతుంది.

వాళ్ళు లేచేదాకా ఆయన కదల్లేదు.