చర్చిలో పెట్టె

ఊళ్లకు నెట్టిచ్చే ఓనరు దగ్గర పనిచేసే మా అన్న, ఒక పాత కంప్యూటరుకు లైనక్స్ ఎక్కించి, మా ముందుగదిలో సర్వరుగా పెట్టాడు. హనుమంతునిపాడు చుట్టుపక్కల ఊళ్లలోని ఇంటర్నెట్ పెట్టెలను అది మాటిమాటికీ పలకరిస్తుంది. బదులొస్తే తెర మీద ఆ పెట్టె పేరు పచ్చగా ఉంటుంది, రాకపోతే ఎర్రబడుతుంది. ఊరికే బండి మీద తిరిగే బాధ తప్పుతుందనుకున్నాడు. తప్పలేదు.

రోజూ సాయంత్రం మా చర్చిలోని పెట్టె ఎర్రబడుతుంది. మా ఇంటి నుంచి వైరు ఆ పెట్టెకు, అక్కడి నుంచి పెద్దూరి ఇళ్లకు వెళ్తుంది. అన్న పామూరు దారిలో ఏ స్తంభం మీదో ఉంటాడు. పడుతూ లేస్తూ వచ్చేసరికి అది పచ్చగా ఉంటుంది. సెట్టింగే తప్పేమోనని మళ్లీ మొదటి నుంచి రాస్తాడు. అంతలో పెద్దూరి గురవయ్య ఫోను.

"ఏంది ప్రవీణూ, మీ కంప్యూటరుకు మా ఊరంటే అంత కోపమా?"

"చూస్తా పెద్దాయనా."

"నువ్వు చూస్తానే ఉండావు. నేను చూసే సీరియలే రాదు."

ఈ వారం కూడా గురవయ్య ఫిర్యాదు చేస్తే వేరే మనిషిని పెట్టుకుంటానని ఓనరు అన్నాడట. నిన్న రాత్రి ఆ మాట చెప్పి అన్న బూట్లు కూడా విప్పకుండా పడుకున్నాడు.

ఇవాళ అన్న లేనప్పుడు తెర ముందు నేను కూర్చున్నాను. చర్చి మైకు గరగరమంది. అప్పుడే పెట్టె ఎర్రబడింది.

చర్చికి వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. గోడకు ఉన్నది ఒకటే ప్లగ్గు. అందులో మైకు వైరు ఉంది. పెట్టె వైరు పీకేసి కింద పడేసి ఉంది. మగ్దలీనమ్మ అవ్వ కళ్లు మూసుకుని మైకులో ప్రార్థిస్తోంది.

"ప్రభువా, మా ప్రవీణు పని నిలబెట్టు తండ్రీ. ఆ నెట్టు పోకుండా చూడు. బిడ్డ తిరగలేక అలిసిపోతుండాడు."

అందరూ ఆమేన్ అన్నారు. రోజూ ఇంట్లో నుంచి నేనూ అంటాను.

అంతమందిలో నోరు తెరవడం నా వల్ల కాదు. ఇంటికొచ్చి కంప్యూటరు ఆపి, దాని ఎక్స్‌టెన్షన్ బాక్సు పీకి తీసుకెళ్లాను. గోడ వెంట వంగి వెళ్లి ప్లగ్గు మారుస్తుంటే మైకు ఆగిపోయింది. అందరూ కళ్లు తెరిచారు.

"ఏందిమే?" అంది అవ్వ.

"మైకు, పెట్టె... రెండూ దీనికే పెట్టాలవ్వా."

"మైకు అయినాక మళ్లీ పెడుతుంటినే. సరే, పెట్టి పో. ప్రార్థన సగంలో ఉంది."

అన్న వచ్చి, నల్లగా ఉన్న తెర చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"దీన్ని కూడా ఆపినావా?"

జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ముఖం రుద్దుకున్నాడు, అంతే. ఫోను మోగింది. కాసేపు మోగనిచ్చి ఎత్తి, స్పీకరులో పెట్టాడు.

"చెప్పు పెద్దాయనా."

"ఏం లేదబ్బాయ్. ఈ పూట నెట్టు పోలేదు. మీ ఓనరుకు కూడా చెప్పినా. ఏం చేసినావు?"

అన్న కుర్చీలోనే నిద్రపోయాడు. పెద్దాయన హలో హలో అంటున్నాడు. ఫోను నేనే తీసుకున్నాను.

"అన్న పడుకున్నాడు. రేపు మాట్లాడతాడు" అన్నాను.